మూడు పూటల టీవీ

మా ఆయన గురప్ప పుంగనూరు సంతలో ముప్పై ఏళ్లు ఆవుల బేరాలు చేసిన మనిషి. పలమనేరు నుంచి, కలికిరి నుంచి ఆవుల కోసం వచ్చినవాళ్లు ముందు ఆయన ఎక్కడున్నాడో వెతుక్కుని, ఆ తర్వాతే టీ తాగేవాళ్లు. అలాంటి మనిషి ఆరు నెలలుగా సంతకు పోవడం మానేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చుంటే కూర్చున్నాడు, ఊరికే ఉంటాడా? చీపురు ఈ మూల ఎందుకు పెట్టావంటాడు, పప్పు ఎన్ని విజిళ్లకు దించాలో నాకు చెప్తాడు. ఇన్నేళ్లుగా వంట చేస్తున్నదాన్ని, నాకు! ఒళ్లు మండిపోయేది.

మండినా నోరు మూసుకునేదాన్ని. ఎందుకు కూర్చున్నాడో నాకు తెలుసు గదా. మునిస్వామి అని పక్క పల్లె రైతు, ఉన్న కాస్త డబ్బుతో ఒక ఆవును చూసి కొనిపెట్టమని ఈయన్ను అడిగాడు. అమ్మేవాడు ఈయనకు వరసకు బావ. మా వైపు పాడి ఆవును కొనాలంటే ఒక పద్ధతుంది. కొనేవాడు వరసగా మూడు పూటలు దగ్గరుండి పాలు పిండించి చూస్తాడు, ఆ తర్వాతే డబ్బిస్తాడు. సంతకు తెచ్చే ముందు రోజు పాలు పిండకుండా ఆపి, నిండు పొదుగుతో నిలబెట్టే గట్టివాళ్లు ఉంటారు. మూడో పూటకు వాళ్ల గుట్టు బయటపడుతుంది. ఆ రోజు మాత్రం ఈయన మొహమాటపడ్డాడు. బావను మూడు పూటలు అడిగితే ఏమనుకుంటాడోనని అడగలేదు. తీరా తోలుకుపోయాక ఆ ఆవు చెప్పిన పాలలో సగం కూడా ఇవ్వలేదు.

మునిస్వామి సంత నడుమ నిలబడి, అందరూ వింటుండగా, "నీ కన్ను పొయ్యిందప్పా గురప్పా, ఇంగ ఇంటికాడ కూసో" అన్నాడు. ఈయన తన దళారీ డబ్బు వెనక్కిచ్చి, ఇంటికొచ్చి నిజంగానే కూర్చున్నాడు. తిండి సగమైంది. వీధిలో ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే లోపలి గదిలోకి పోయేవాడు. మళ్లీ సంతలో నిలబెట్టకపోతే ఈ మనిషి నాకు దక్కడేమోనని భయం పట్టుకుంది.

ఇది రెండు వేల తొమ్మిదిలో సంగతి. ఆ ఎండాకాలంలో మా పాత డబ్బా టీవీ టప్పుమని ఆరిపోయింది. కుప్పంలో కాపురముంటున్న మా కూతురు అర్చనకు ఫోన్ చేసి చెప్తే, "పోతే పోనీలేమ్మా, ఇప్పుడందరూ హెచ్‌డీ టీవీలే కొంటాండారు. బొమ్మ అద్దంలో సూసినట్లుంటాది. హెచ్‌డీ రెడీ అని రాసుండేది సూసి తీసుకో" అంది. నా దగ్గర పాలు పోసి కూడబెట్టుకున్న ఇరవై రెండు వేలున్నాయి. అంతకు మించి పైసా లేదు. టీవీ సంగతేమో గానీ, ఈయన్ను గడప దాటించడానికి దారి దొరికిందనుకున్నాను.

"ఏమయ్యా, మదనపల్లెకు పోయి టీవీ తెద్దాం. ఏది మంచిదో నువ్వే సెప్పల్ల" అన్నాను.

"నాకేం తెలుసే టీవీల గురించి? ఆవులే తెలీకపాయె."

నేను తగ్గలేదు. "నువ్వు రాకపోతే అంగటోడు నన్ను నిలువునా ముంచుతాడు. మూడేండ్ల పాల దుడ్డు. పోతే పోనీ అంటావా?" అని గొంతు పెంచాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

మదనపల్లె బస్టాండు దగ్గర్లో ఆ అంగడి. లోపల గోడ నిండా టీవీలు, అన్నిట్లోనూ నీలం నీళ్లలో రంగురంగుల చేపలు. భవ్య అనే అమ్మాయి ఎదురొచ్చి, "రండి ఆంటీ, రండి అంకుల్" అంటూ నన్ను నేరుగా ఒక పెద్ద టీవీ ముందు నిలబెట్టింది. ముప్పై రెండు ఇంచులు, హెచ్‌డీ రెడీ. అబ్బ, ఏం బొమ్మ! చేప ఒంటి మీద పొలుసులు లెక్కపెట్టొచ్చు. నేను అక్కడే పడిపోయాను. ఇంక వేరే టీవీ వైపు తల తిప్పితే ఒట్టు.

మా ఆయన ఏడీ అని చూస్తే, టీవీ వెనక్కి పోయి వంగి చూస్తున్నాడు. తట్టాడు, వైర్లు పెట్టే బొక్కలు వేలితో తడిమాడు.

"అంకుల్, అది వెనక వైపు" అంది భవ్య.

"తెలుసు పాపా. ముందరొగటే సూసి కొనేదానికి ఇదేమన్నా క్యాలెండరా?" అని ముందుకొచ్చి, అన్ని టీవీల వైపూ మార్చి మార్చి చూశాడు. "అన్నిట్లోనూ ఒగే చేప తిరుగుతాండాదే?"

"అది డెమో డిస్కు అంకుల్. క్వాలిటీ తెలిసేదానికి అదే పెడతాము."

"మా ఇంట్లో వచ్చేది ఈ చేప కాదు గదా. కేబుల్ పెట్టి సూపించు."

"ఈడ కేబుల్ లేదంకుల్."

ఆయన కళ్లు చిన్నవయ్యాయి. ఆ చూపు నేను చూసి ఆరు నెలలైంది. నా చెవి దగ్గరకు వంగి, "ఇది పిండకుండా నిలబెట్టినారే యశోదా. మూడు పూటలు అడగాల" అన్నాడు.

నేను చేసిన పాపిష్టి పని వినండి. ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసి, "ఊరుకో అయ్యా, ఇది ఆవు కాదు, టీవీ. ఈడ అట్లా అడిగితే నగుతారు" అన్నాను.

ఆయన భుజాలు కిందికి జారాయి. "సరేలే, నీ ఇష్టం" అని పక్కకు తప్పుకున్నాడు. నా నాలుక కొరికేసుకోవాలనిపించింది. ఏ మొహమాటంతో ఈ మనిషి ఇల్లు పట్టాడో, అదే మొహమాటాన్ని మళ్లీ నా చేత్తో తినిపించాను. దీనికేనా ఇంత దూరం లాక్కొచ్చింది? నా నోరు పడిపోను! సిగ్గు తీసి పక్కన పెట్టి, అంగడంతా వినపడేట్లు, "అడగయ్యా! నువ్వు అడిగితేనే కొంటాను, లేకుంటే పోదాం పద" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, గల్లాపెట్టె దగ్గరకు నడిచాడు.

అక్కడ అంగడి యజమాని సాయిప్రసాద్ కూర్చున్నాడు, నలభై ఏళ్లుంటాయి. ఈయన పోయి పక్క కుర్చీలో కూర్చుని, తువ్వాలు తీసి అతని చేతి మీద కప్పి, దాని కింద వేళ్లు పట్టుకున్నాడు. సాయిప్రసాద్ ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు.

"ఏందప్పా ఇది!"

"బేరం. మా సంతలో ధర నోటితో సెప్పం, ఏళ్లతో సెప్తాం. ఏలుకు వెయ్యి."

సాయిప్రసాద్ పగలబడి నవ్వాడు. "మా తాత చేస్తాంటే సిన్నప్పుడు సూసినానప్పా" అంటూ చెయ్యి మళ్లీ తువ్వాలు కింద పెట్టాడు. తర్వాత ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు లేదు. రెండుసార్లు లాక్కున్నాడు, రెండుసార్లు పెట్టాడు. చివరికి తువ్వాలు తీసేసరికి పాతిక వేల టీవీ ఇరవై రెండుకు దిగింది.

"ధర సరే. దుడ్డు మాత్రం ఇప్పుడియ్యను" అన్నాడు మా ఆయన. "మూడు పూటలు మా ఇంట్లో పిండి సూసినాకే."

"ఏం పిండాల అంకుల్?" అంది భవ్య. అంగట్లో ఉన్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా కదలకుండా ఆయన కుర్చీ వెనకే నిలబడ్డాను.

"నగండప్పా, నగితే నాకేమీ తక్కువ కాదు. మూడు పూటలు. నచ్చితే దుడ్డు మీది, నచ్చకుంటే టీవీ మీది" అన్నాడు ఆయన.

సాయిప్రసాద్ గడ్డం గోక్కున్నాడు. "ఇట్లా ఎవురికీ ఇయ్యలేదప్పా. సరే, అడ్వాన్సు పెట్టి తోలుకుపో. గీత పడిందంటే మాత్రం టీవీ నీదే" అన్నాడు.

టీవీని తోలుకుని ఇంటికొచ్చాం. మొదటి పూట సాయంత్రం. పక్కింటి రంగనాయకమ్మ పని వదిలేసి మరీ వచ్చి కూర్చుంది. కేబుల్ వైరు తగిలించగానే సీరియల్లో అమ్మాయి ప్రత్యక్షమైంది. రంగనాయకమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "అయ్యో, మొన్నటిదాకా సన్నంగా బాగుండెనే, ఏమి ఇట్లా ఊరిపోయింది?" అంది. ఆ అమ్మాయే కాదు, అత్తా, మామా, ఆఖరికి వాళ్ల కారు కూడా పక్కలకు సాగి ఉంది. పైగా బొమ్మ మీద చీమలు పాకినట్లు చుక్కలు. అంగట్లో చేపలెక్కడ, మా ఇంట్లో ఈ చీమలెక్కడ!

నేను ఒప్పుకుంటానా? "మనుషులు నిండుగా ఉండారు, సూసేదానికి బాగుండాది" అని వాదించాను. మా ఆయన దగ్గర కూర్చుని చూశాడు, దూరం పోయి చూశాడు, తలుపు దగ్గర నిలబడి చూశాడు. రెండో పూట పొద్దున్నే భక్తి పాటలు పెడితే దేవుడు దోమతెర వెనక నిలబడినట్లు కనిపించాడు. నాకూ లోపల గుబులు మొదలైంది గానీ బయటపడలేదు. మధ్యాహ్నం మూడో పూట. వార్తలు చదివేవాడి ముఖాన్ని పది నిమిషాలు చూసి ఆయన టీవీ కట్టేశాడు.

"టీవీది తప్పు లేదే. ఒళ్లు పెద్దది, దీనికి మేత చాల్లేదు. మన కేబుల్ వైరు పోసేది గుప్పెడు మేత, ఇది బండెడు అడుగుతాండాది. మనకు మన పుంగనూరు ఆవు మాదిరిది కావాల. సిన్న ఒళ్లు, ఉన్న మేతకే సిక్కని పాలు."

నడుమెత్తు ఆవుకు, టీవీకి పోలికేంటని నాకు చిర్రెత్తింది. పెద్ద టీవీ పోతుందే అని ప్రాణం ఉసూరుమంది కూడా. కానీ ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూశాను. ఇంక నేనేం మాట్లాడతాను? "నువ్వు సెప్పినట్లే కానీ" అన్నాను.

మర్నాడు సాయిప్రసాద్ తానే వ్యానులో వచ్చాడు, పెద్ద టీవీకి గీత పడిందేమో చూసుకోవాలి గదా. మా ఆయన ఫోన్లో చెప్పినట్లు ఇరవై రెండు ఇంచుల టీవీ తెచ్చాడు, అదీ హెచ్‌డీ రెడీయే. రెండింటినీ పక్కపక్కన పెట్టి, అదే వైరు ముందు దీనికి, తర్వాత దానికి తగిలించారు. చిన్నదాంట్లో చీమలు దాదాపు మాయమయ్యాయి. సాయిప్రసాద్ రిమోట్‌లో ఏదో నొక్కగానే మనుషులు మామూలు ఒళ్లుకొచ్చారు. అతను రెండు టీవీలనూ మార్చి మార్చి చూసి తల గోక్కున్నాడు.

"పదేండ్లుగా అమ్ముతాండానప్పా. కొన్నోళ్ల ఇంటికాడ ఎట్లుంటాదో ఒగసారి కూడా కూసోని సూళ్లేదు" అన్నాడు. అడ్వాన్సుతో కలిపి పదిహేను వేలు తీసుకుని, మజ్జిగ ఇస్తానంటే కూర్చున్నాడు. కూర్చుని, "గురప్పా, మా అమ్మ ఇంటికాడ ఆవు కావాలని ఒగటే పోరు. నువ్వే వచ్చి ఒగటి సూసిపెట్టల్ల" అన్నాడు.

వంటింట్లో మజ్జిగ చిలుకుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

"ఒగ మాట సెప్తానప్పా, ఇని ఆలోచన సెయ్యి" అన్నాడు మా ఆయన. "ఆరు నెలల కింద మునిస్వామి అని ఒగ రైతుకు తప్పు ఆవును కొనిపెట్టినా. అమ్మేవాడు మా బావ అని మూడు పూటలు అడగలేదు. అందురూ నా కన్ను పొయ్యిందనుకున్నారు. కన్ను పోలేదప్పా, నోరు రాలేదు. నాకు నోరు రాక ఆ బీదోడి దుడ్డు పోయింది. ఇది తెలిసి కూడా పిలుస్తావా?"

ఆరు నెలల్లో ఈ మాట ఆయన నాతో కూడా అనలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

"నువ్వు సెప్పకుంటే నాకెట్లా తెలుస్తాది? సెప్పినావు కాబట్టే పిలుస్తాండా" అన్నాడు సాయిప్రసాద్.

"అట్లయితే వస్తా. అయితే ముందు మునిస్వామికి ఒగ మంచి ఆవును సూసిపెట్టాల. ఆ పనైనాకే నీది."

"కానీప్పా, మా అమ్మకు నేను సెప్పుకుంటా."

సాయిప్రసాద్ పెద్ద టీవీ ఎక్కించుకుని పోయాక మా ఆయన వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఏదో అడగాలని ఉంది, అడగలేకపోతున్నాడు. మునిస్వామి ఆ ఆవును అమ్మినా దానికి వచ్చేది కొంచెమే, మంచిది కొనాలంటే పైన వేలు పడతాయి. నా దగ్గర ఏడు వేలు మిగిలాయి. దాంతో మిద్దె మీద డిష్ గొడుగు పెట్టించుకుంటే టీవీలో ఆ కాస్త చీమలు కూడా పోతాయని సాయిప్రసాద్ చెప్పి పోయాడు, నేనూ మనసులో పెట్టించేసుకున్నాను. ఆయన ముఖం చూస్తే గొడుగూ లేదు, గిడుగూ లేదు. డబ్బా తీసి ఏడు వేలూ ఆయన చేతిలో పెట్టాను.

"మునిస్వామి ఆవుకు కలుపు" అన్నాను.

"నీ టీవీకి..."

"నా టీవీ బాగానే ఉండాది. పో అయ్యా."

సంత రోజు తెల్లవారకముందే పోయాడు. మునిస్వామి ఇంటికి ముందు పోతానని చెప్పాడు గానీ, వాడు తలుపు తీస్తాడో, ముఖాన ఉమ్ముతాడో ఎవరికి తెలుసు? ఆ రోజంతా నేను కొత్త టీవీ పెట్టనే లేదు. రంగనాయకమ్మ రెండుసార్లు వచ్చి ముఖం మాడ్చుకుని పోయింది. దీపాలు పెట్టే వేళకు ఈయన వచ్చాడు. సంతలో అరిచి అరిచి గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"ఏమయ్యా, ఏమైంది? కొన్నారా?" అన్నాను.

"ఒగటి సూసినాం, ఇంగా కొనలే. దాన్ని పిండేది దగ్గరుండి సూడాల. ఈ రేత్రికి ఆవు వాళ్ల ఊర్లోనే ఉంటాం. మునిస్వామి బయట నిలబడుండాడు. ఇద్దరికీ సంగటి కట్టియ్యి."

"బయట నిలబెట్టి వచ్చినావా? లోపలికి పిలువయ్యా, తిని పోతురు" అని కసిరి, నేను స్టవ్ వెలిగించాను.