తోడికోడలి సరస్సు

పెద్దకోడలు కంప్యూటర్లో కట్టిన సరస్సు మీద గాలిని ఇంకాస్త తగ్గించి, లెక్క మళ్లీ మొదలుపెట్టింది. వేసవిలో సరస్సు పైనీళ్లు వెచ్చగా, అడుగునీళ్లు చల్లగా, దేనికది విడిగా ఉంటాయి. ఆమె లెక్కలో మాత్రం నెల తిరక్కుండానే రెండూ కలిసిపోయి గోరువెచ్చనవుతున్నాయి. గాలే కలిపేస్తోందని ఆమె అనుమానం. తగ్గించగా తగ్గించగా, ఇప్పుడా సరస్సు మీద దీపం పెట్టినా ఆరదు. ఏ లోతులో ఎంత వేడో చూపించే గీత మాత్రం ఎంతకీ కుదరలేదు.

పక్క సీట్లో తోడికోడలు సొరుగు ఖాళీ చేస్తోంది. మరిదికి బదిలీ అయింది. సాయంత్రం బండికి ప్రయాణం. ఈ ఆఫీసుకొచ్చి రెండేళ్లు కాలేదు, ఆ పిల్ల లెక్కలో వచ్చే గీత మాత్రం నిజం సరస్సు నీళ్లలో దించిన థర్మామీటర్లు చూపించే చుక్కల పక్కనే నడుస్తుంది. అందరూ వాడేది ఆ లెక్కే. ఇంట్లో అత్తగారు కూడా "చిన్నదాని బుర్రే బుర్ర" అని మురిసిపోతారు. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దకోడలికి కడుపు మండుతుంది. ఇప్పుడూ మండింది: పోతూ పోతూ కూడా ఎంత పొందిగ్గా సర్దుతోందో!

"ఆవిడ వెళ్లిపోతోందిగా, ఇకనుంచి ఆ లెక్క మీరే చూసుకోండి" అన్నాడు పొద్దున ఆఫీసరు. ఒకరు విడిచిన చీర కట్టుకోమన్నట్టనిపించింది. తన గీత తనకి కుదరాలి. అదీ ఆ పిల్ల కళ్లముందే కుదరాలి.

"గాలినేం అనకక్కా, పాపం" అంది తోడికోడలు ఒంగి చూసి. "నువ్వు సరస్సుని కోసిన పొరలు మరీ మందంగా ఉన్నాయి. ఒక్కో పొరలో వేడీ చల్లా కలిపేసి సగటు కట్టేస్తోంది. ఆ మధ్యలో సన్నగా కొయ్యి."

"నాకు తెలుసులే."

తెలీదు.

భోజనాలయ్యాక, ఎవరూ చూడకుండా గాలిని ఉన్నదున్నట్టు పెట్టి, వేడీ చల్లా తగిలే చోట పొరల్ని సన్నగా కోసింది. లెక్క నత్తనడక నడిచింది. ఇంతలో భుజం మీద చెయ్యి పడింది.

"వెళ్లొస్తానక్కా."

"లెక్క నడుస్తోందే. మధ్యలో లేవలేను" అంది తల తిప్పకుండానే.

లెక్క దానంతటదే నడుస్తుందని ఇద్దరికీ తెలుసు. చెయ్యి కాసేపు అక్కడే ఉండి, మెల్లగా తొలగిపోయింది.

చివరికి గీత వచ్చింది. ఒక్కో చుక్కనీ తాకుతూ అడుగుదాకా దిగింది. తోడికోడలి గీత కన్నా దగ్గరగా! పెద్దకోడలు పొంగిపోయింది.

"ఒసేయ్, ఇటు చూడవే!" అంటూ పక్కకి తిరిగింది.

గదిలో ఇంకా నలుగురున్నారు. వాళ్లకి చూపించాలని ఆమెకి తోచలేదు. ఖాళీ కుర్చీ మీద, ఏసీ గాలి తగులుతుందని ఆ పిల్ల రోజూ కప్పుకునే ఆకుపచ్చ శాలువా, ఒక పక్కకి జారి వేలాడుతోంది.