పై అంతస్తు ఆవిడ చేతులు

లక్ష్మీకాంతం గారి బేస్‌మెంట్‌లో అద్దెకుండాలంటే రెండే షరతులు. స్టవ్ మీద పాలు పెట్టి పక్కకు వెళ్ళకూడదు. పాటలు గట్టిగా పెట్టకూడదు. మొదటి షరతు ఆవిడది, రెండోది ఆయనది. ఆయనంటే వీరభద్రరావు గారు, కెనడాలోని రెజైనాలో ప్రభుత్వ ఇంజనీరుగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. తన పాట తప్ప ఇంకెవరి పాటా ఇంట్లో వినపడడం ఆయనకు గిట్టదు.

రెండేళ్ళుగా ఇండియా నుంచి స్టూడెంట్లు ఊరిమీద వరదలా వచ్చి పడుతున్నారు. యూనివర్సిటీ దగ్గర గది దొరకడం గగనమైపోయింది. "ఈ వయసులో మనకెందుకొచ్చిన గోల" అని ఆయన అంటున్నా వినకుండా లక్ష్మీకాంతమే ముగ్గురు ఆడపిల్లలకు కింది భాగం ఇచ్చింది. వాళ్ళలో తేజశ్రీ అనే ఒంగోలు పిల్ల కాస్త చనువుగా పైకి వచ్చిపోతుంటుంది. పగలు క్లాసులు, సాయంత్రం కాఫీ షాపులో షిఫ్టు, మిగిలిన ప్రాణమంతా ఫోన్లో.

రెండు వేల ఇరవై మూడు ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం. బయట మైనస్ ఇరవై ఎనిమిది. లక్ష్మీకాంతం వంటింట్లో దొండకాయలు తరుగుతుంటే కింద ఏదో పాట మొదలైంది. పాత సింథసైజర్ మోత, దానిమీద ఒక ఆడగొంతు జర్మన్‌లో, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్ చదివినట్టు ఏ భావమూ లేకుండా పాడుతోంది. వెనకాల ఎవరో చప్పట్లు కొడుతున్నారు. ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, పక్కనున్న కమ్మీ పట్టుకోవడం కూడా మరిచిపోయి గబగబా మెట్లు దిగింది.

తేజశ్రీ కంగారుగా సౌండు తగ్గించబోయింది. "సారీ ఆంటీ, అంకుల్ పడుకున్నారా?"

"తగ్గించకు. ఈ పాట నీకెక్కడిదే?"

"ఇప్పుడంతా ఇదే నడుస్తోంది ఆంటీ. ఎయిటీస్‌లో జర్మనీ బ్యాండంట, పేరు నాస్సె ట్రెప్పె. అంటే తడి మెట్లట. మూడొందల రికార్డులు వేస్తే ఒక్కడూ కొనలేదంట. పోయినేడు ఎవడికో ఒక కాపీ దొరికి అప్‌లోడ్ చేశాడు, అంతే, వైరల్ అయిపోయింది. అన్నిటికంటే ఆ చప్పట్లకే జనానికి పిచ్చెక్కిపోతోంది. ఎనిమిది కౌంట్లలో ఒకటి, ఐదు, ఏడు మీదే పడతాయి, వినండి. సీక్రెట్ కోడ్ అంటాడొకడు. ఇంటి నంబర్ అంటాడొకడు. టేపు మిషన్ పాడైందని ఇంకొకడు." తేజశ్రీ కాస్త సిగ్గుపడింది. "నాకైతే ఆదితాళంలా ఉంది ఆంటీ. మా అమ్మ తన్ని మరీ ఆరేళ్ళు సంగీతం నేర్పించిందిలే. దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. వేళ్ళకీ విసురుకీ చప్పుడుండదు కదా, ఇక వినపడేది ఒకటి, ఐదు, ఏడే. అదే కామెంట్ పెడితే అందరూ నవ్వారు. జర్మన్ బ్యాండ్‌లో ఆదితాళం ఎవరేస్తారంట."

లక్ష్మీకాంతం పరుపు అంచున కూర్చుంది. "రెండో చరణం రానీ. మూడో ఆవర్తంలో ఏడు మీది దెబ్బ పడదు, చూసుకో."

పడలేదు.

తేజశ్రీ నోరు వెళ్ళబెట్టింది. "ఆ పడని చప్పట మీద పేజీలకు పేజీలు రాశారు ఆంటీ! కావాలనే వదిలారు, గొప్ప ఆర్ట్ అని. మీకెలా తెలుసు?"

"ఆర్టూ లేదు గీర్టూ లేదు. పొయ్యి మీద పాలు పెట్టి దిగానని అప్పుడు గుర్తొచ్చింది" అంది లక్ష్మీకాంతం. అని పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి.

సంగతి ఇదీ. పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో వీరభద్రరావు గారు జర్మనీలో ఆహెన్ అనే ఊళ్ళో రీసెర్చి చేస్తుంటే, పెళ్ళయిన మూడో నెలలో ఆవిడ కాపురానికి వెళ్ళింది. అప్పటికి రాజమండ్రిలో ఎనిమిదేళ్ళు వీణ నేర్చుకుని ఉంది. అక్కడికి వెళ్ళాక ఒకటి తెప్పిద్దామన్నారాయన. ఆ మాట నేటికీ మాటగానే ఉంది. వాళ్ళ ఇల్లు నాలుగో అంతస్తులో, కప్పు కింద ఒంటిగది. అదే ఇంటి సెల్లార్‌లో ముగ్గురు కుర్రకారు పగలంతా వాయించేవారు. పాడేది ఊటె, సింథసైజర్ ఆమె తమ్ముడిది, డ్రమ్ములు బెర్న్‌ట్‌వి. ఈ బెర్న్‌ట్‌కు లయ నిలవదు. కాసేపు పరిగెత్తేవాడు, కాసేపు చతికిలబడేవాడు. మోతనైనా భరించింది గానీ తప్పు తాళాన్ని భరించడం ఆవిడ వల్ల కాలేదు. ఒక మంగళవారం డిక్షనరీలో "దయచేసి మెల్లగా" అనే జర్మన్ మాట వెతుక్కుని, నోట్లో వల్లె వేసుకుంటూ, ఎప్పుడూ చెమ్మగా ఉండే ఆ మెట్లు దిగింది. దిగి, ఆ మాట అనడం మానేసి, బెర్న్‌ట్ ఎదురుగా నిలబడి తాళం వేసింది. అతను ఆవిడ చేతులు చూస్తూ వాయించాడు. పాట నిలబడింది.

ఆ తర్వాత నాలుగు నెలలు, మంగళ గురువారాల్లో ఆయన ల్యాబ్‌కు వెళ్ళగానే ఆవిడ కిందికి వెళ్ళేది. ఒకరి భాష ఒకరికి రాదు. ఊటె టీ ఇచ్చేది. చివరికి ఒక రోజు టేపు మీద పట్టారు. ఆవిడ చేతుల ముందు ప్రత్యేకంగా ఒక మైకు పెట్టారు. పాలు గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గిన్నె మాడితే మాడనీ అనుకుని మళ్ళీ అందుకుని చివరిదాకా వేసింది. ఆ నెలలోనే కెనడా ప్రయాణం. అదంతా రికార్డుగా వచ్చిందని కూడా ఆవిడకు తెలియదు.

మరి ఆయనకెందుకు చెప్పలేదంటే, "ఆ రంగుల జుట్టు వాళ్ళతో మాటలు పెట్టుకోకు" అని ఆయన మొదటి వారమే అన్నారు. మొదటి రోజు భయపడి చెప్పలేదు. రెండో రోజు, మొదటి రోజు చెప్పలేదు గనక చెప్పలేదు. పోను పోను అది తన సొంతమైపోయింది. ఒకరు చెప్పకుండా, ఒకరి కోసం కాకుండా ఆవిడ బతుకులో చేసిన పని అదొక్కటే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. లక్ష్మీకాంతం రచ్చ గెలిచి నలభై ఏళ్ళయింది, ఇంట్లో పురుగుకు కూడా తెలియదు.

తేజశ్రీ ఊరుకునే రకం కాదు. బతిమాలి ఆవిడ చేత సరే అనిపించి, ఆ రికార్డును మళ్ళీ వేస్తున్న జర్మనీ కంపెనీకి పాల సంగతితో సహా ఈమెయిల్ కొట్టింది. సోమవారానికి ఊటె దగ్గర్నుంచే జవాబు వచ్చింది. దాన్ని ఫోన్లో తెలుగు చేసి చదివి వినిపించింది.

"నాకిప్పుడు అరవై ఎనిమిది. బెర్న్‌ట్ పోయి ఆరేళ్ళయింది. పాల సంగతి మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. పాట అవగానే మీరు పైకి పరిగెత్తడం, మాడిన పాల వాసన మెట్లదాకా రావడం నాకింకా గుర్తు. మీ పేరు మాకు పలకడం రాలేదు, రాసుకోనూ లేదు. అందుకే అట్ట మీద 'చేతులు: పై అంతస్తు ఆవిడ' అని వేశాం. ఆ సిగ్గు నన్ను ఇంతకాలం వదల్లేదు. కొత్త అట్ట శుక్రవారం ప్రెస్సుకు వెళ్తుంది. మీ పేరు ఎలా ఉండాలో రాసి సంతకం చేసి పంపండి. ఇష్టం లేకపోతే పాతదే ఉంచుతాం."

తేజశ్రీ ఆ జవాబును కాయితం మీద ప్రింట్ తీసి ఇస్తూ మెల్లగా అంది. "పేరు వేస్తే అంకుల్‌కి తెలియకుండా ఆగదు ఆంటీ. రెండు రోజుల్లో రెజైనా గ్రూపులన్నిట్లో తిరుగుతుంది."

ఆ కాయితం మూడు రోజులు బియ్యం డబ్బా వెనక ఉంది. లక్ష్మీకాంతానికి మింగలేక కక్కలేక అయింది. ఈ ఊళ్ళో ఆవిడ మిసెస్ రావు. తెలుగు సంఘం ఏటా చేసే సంగీతోత్సవం కరపత్రంలో గాయకుల వరసలో ఆయన పేరు ముందుంటుంది, అడుగున "భోజనాలు: శ్రీమతి వీరభద్రరావు" అని ఉంటుంది. ఆవిడకు అలాంటి పట్టింపులు లేవని అందరూ అనుకునేవారు. ఉన్నాయి. కాకపోతే ఆయన తిడతారని కాదు ఆవిడ భయం, నవ్వుతారని. "చప్పట్లా? ఓస్, అంతేనా?" అని ఆయన ఒక్కసారి నవ్వితే చాలు, ఇంతకాలం దాచుకున్నది గవ్వకు కొరగాకుండా పోతుంది.

గురువారం పొద్దున్న వీరభద్రరావు గారు హాల్లో కూర్చుని ఉత్సవానికి కీర్తన సాధన చేస్తున్నారు. శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు. ఆయన పాటకు తల్లి ఎప్పుడూ పక్కనే ఉండేది, తండ్రి మాత్రం ఊళ్ళో ఉండేవాడు కాదు. లక్ష్మీకాంతం చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, తాళం తప్పుతున్నారు."

ఫ్రిజ్ మాట్లాడినట్టు చూశారాయన. "నేనా?"

"అనుపల్లవికి వచ్చేసరికి పరిగెడుతున్నారు. ఎప్పుడూ అక్కడే."

"నీకెలా తెలుసోయ్?"

ఆవిడ ఫోను బల్లమీద పెట్టి పాట వినిపించింది. అది సాగుతుండగానే సెల్లార్ సంగతంతా చెప్పింది. పడని చప్పట దగ్గర ఆయన తలెత్తారు.

"గిన్నె మాడింది ఆ రోజేనా? వారం రోజులు గదంతా కంపు. ఏం చేస్తున్నావంటే నిద్ర పట్టేసిందన్నావు."

"అబద్ధం చెప్పాను."

"మళ్ళీ పెట్టు" అన్నారాయన. ఈసారి తొడమీద తనూ తాళం వేయబోయారు. మూడు ఆవర్తాలు తిరక్కుండానే చెయ్యి దారి తప్పింది, ఫోన్లో చెయ్యి తప్పలేదు. ఆయన నవ్వలేదు. మొహం చిన్నబోయింది.

"ఇరవై ఏళ్ళుగా ముందు వరసలో కూర్చుని పాడుతున్నాను. ఇన్నేళ్ళూ తప్పుతున్నానని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఒక్కసారి చెప్పలేకపోయావా?"

"సంగీతం గురించి మీరు నన్నెప్పుడూ ఏమీ అడగలేదు."

లక్ష్మీకాంతానికి ఆయన్ను చూస్తే జాలేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి కాయితం తెచ్చి ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఇంజనీరు గనక, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. జేబులోంచి పెన్ను తీశారు.

"లక్ష్మీకాంతం వీరభద్రరావు అని రాయాలి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే" అని, రాయబోయారు.

ఆవిడ ఆయన వేళ్ళ మధ్య నుంచి పెన్ను తీసుకుంది. తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, ఒక్క మాట రాసి సంతకం చేసింది.

"నా పేరో?" అన్నారాయన, తగువుకు కాదు, నిజంగానే తెలియక.

"ఆ మెట్లు నేనొక్కదాన్నే దిగానండీ" అంది ఆవిడ.

వీరభద్రరావు గారు కాయితం రెండు చేతులతో పట్టుకుని ఆ ఒక్క పేరూ చదివారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయనకు ఆవిడ "ఏమోయ్". పెళ్ళి నాడు పురోహితుడు చెప్పించినప్పుడు తప్ప ఆ పేరు ఆయన నోట ఆవిడ విన్నది లేదు.

"లక్ష్మీకాంతం" అని పిలిచారు. పక్కన కుర్చీ దగ్గరికి లాగారు. "ఎక్కడ తప్పుతున్నానో చూపించు."