బోరులోకి దిగిన వెలుతురు

"మే నాగలతా, పట్టపగలు ఆ బ్యాటరీ ఏంటికి ఎలిగిస్తాండావు? సూర్యుడు నీకు సాలల్యానా?"

సుబ్బరత్నమ్మ కోడలిని ఎకసెక్కం చెయ్యని రోజు ఉండదు. వాళ్ళ పల్లె కోడుమూరుకు దగ్గర. అక్కడ టార్చిలైటును బ్యాటరీ అనే అంటారు. పక్కింటి ఆడవాళ్ళు బీరువాలో పట్టుచీరలు దాచుకుంటే, నాగలత తన అరలో బ్యాటరీలు దాచుకుంటుంది. పాత లుంగీ గుడ్డల్లో చుట్టి, ఒకదానికొకటి తగలకుండా పడుకోబెడుతుంది. తీరిక దొరికితే తీసి, అద్దాలు తుడిచి, గోడ మీద వెలిగించి చూసుకుంటుంది.

ఈ పిచ్చి ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. అడవిపందులు శనక్కాయ చేను తవ్విపోకుండా వాళ్ళ నాయన రాత్రుళ్ళు కాపలా పోయేవాడు. ఆయన చేతిలో మూడు సెల్లుల స్టీలు బ్యాటరీ ఉండేది. వెలుతురు పసుపు నీళ్ళలా ఉండేది. అదీ మాటిమాటికి మొరాయించేది. అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే గాని దారికొచ్చేది కాదు. సెల్లులు నీరసపడితే పారెయ్యడం ఎక్కడిది? మిద్దె మీద వడియాల పక్కన ఎండబెట్టేవాళ్ళు. ఎండిన సెల్లు ఇంకొక్క పూట వెలిగేది. వాటికి కాకులు రాకుండా కాపలా కూర్చునే పని చిన్నప్పటి నాగలతదే. సెల్లుకు కాకి ఎందుకొస్తుందని ఆమెకు అప్పుడు తోచలేదు.

తరువాత జాతరల్లో నీలిరంగు వెలుతురు బ్యాటరీలు వచ్చాయి. గోడకు గుచ్చి చార్జింగ్ పెట్టుకోవచ్చన్నారు. కొన్నాళ్ళకే అవి కళ్ళు తేలేసేవి. ఇప్పుడొస్తున్నవి వేరే జాతి. బొటనవేలంత లావు సెల్లు ఒకటే. ఫోను చార్జరుతోనే నిండుతుంది. వానలో తడిసినా, మిద్దె మీంచి జారిపడినా చెక్కుచెదరదు. నాయన బతికుంటే ఇట్లాంటిదొకటి ఆయన చేతిలో పెట్టేదాన్ని కదా అని నాగలత అనుకోని రోజు లేదు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు. పైకి మాత్రం, "ఇది ఎన్ని ల్యూమెన్ల వెలుతురో తెలుసునా అత్తా?" అనేది. "నాకు తెలిసింది దీపంలో పోసే శనక్కాయ నూనె ఒక్కటే" అనేది సుబ్బరత్నమ్మ.

ఆ ఏడు ఉల్లి పెట్టారు. గడ్డ ఊరే అదునులో బోరు మోటారుకు పోయే కేబుల్ కాలిపోయింది. బోరు మెకానిక్ లాజరు వచ్చి మోటారు పైకి లాగుతుంటే పైపు పట్టు జారింది. ఆసరాకు కట్టిన తాడు పైముడి దగ్గర పటుక్కుమని తెగింది. పైపూ, మోటారూ, తాడూ అన్నీ కలిసి బోరులోకి పడిపోయాయి.

పైపు మూతిలో ఇరుక్కునేలా చేసిన ఇనుప కొక్కేన్ని లాజరు ఎన్నిసార్లు దించాడో లెక్కలేదు. అది ఊరికే టంగుటంగుమని పైకి వస్తోంది. ఇట్లాంటప్పుడు ఆ వైపు ఎవరైనా చేసే పని ఒకటే. అద్దం పడతారు. బోరు మూతి దగ్గర నిలబడి అద్దంతో ఎండను లోపలికి తిప్పితే, పైపు ఎక్కడ, ఎట్లా ఉందో కనిపిస్తుంది. నాగలత మొగుడు ఓబుళేశు గోడనున్న నిలువుటద్దం ఊడదీసి చేనికి తెచ్చాడు కూడా. ఎండ ఉంటే కదా! మబ్బు కమ్మి కూర్చుంది. చినుకు రాల్చదు, సూర్యుణ్ణి చూపించదు.

"ఈ పొద్దు దొరక్కపోతే ఈ బోరు మీద ఆశ వదులుకోవాల్సిందే అన్నా" అన్నాడు లాజరు చెమట తుడుచుకుంటూ. "రాళ్ళు జారి మోటారును మూసేస్తాయి. మళ్ళా కొత్త బోరే."

ఓబుళేశు చేను వైపు చూశాడు. ఉల్లాకులు కొసలు ఎండి వాలిపోతున్నాయి. కొత్త బోరు వేసినా నీళ్ళు పడతాయన్న నమ్మకం ఆ నేలలో ఎవరికీ లేదు.

సద్ది తెచ్చిన నాగలత ఆ మాట వింది. గంప దించింది. మోపెడ్ వేసుకుని ఇంటికి పోయి, అన్నిట్లోకి తనకు ముద్దయిన బ్యాటరీ తెచ్చింది. పొట్టిగా, లావుగా, తల నిండా చిన్నచిన్న దీపాలతో ఉంటుందది. వాకిట్లో వెలిగిస్తే కోళ్ళు తెల్లారిందని లేస్తాయి.

"సూడు లాజరూ, దీని దెబ్బ" అంటూ బోరు మూతిలోకి పెట్టి వెలిగించింది.

కళ్ళు చెదిరిపోయాయి. మూతి దగ్గర బోరు గోడలన్నీ తెల్లగా మెరిశాయి. ఆ మెరుపు వెనక్కి తిరిగి కళ్ళలోనే కొట్టింది. లోపల చూద్దామంటే పాలు పోసినట్టు తెలుపు తప్ప ఇంకేమీ లేదు.

లాజరు ఒంగి చూసి లేచాడు. "అక్కా, బోరు మూతికి పెండ్లి చేసినట్టుండాది. పెండ్లికొడుకే కనపడల్యా."

"ఈడ పంట పోతాంటే నీకు ఆటగా ఉండాదా?" అని ఓబుళేశు కసిరాడు. "తీసకపో దాన్ని."

నాగలత మొహం కందగడ్డయింది. బ్యాటరీ ఆర్పింది. వేపచెట్టుకు ఆనించిన నిలువుటద్దం పక్కన కూర్చుంది. అద్దంలో మబ్బు, మబ్బు కింద తన మొహం. అయినా ఇన్నిట్లో ఈ లావుదే ఎందుకు తెచ్చాను అనుకుంది. చూసినవాళ్ళు నోరు తెరుస్తారనే కదా! అద్దం ఎండను నాలుగు దిక్కులా చల్లదు. తీసుకుపోయి ఒక్కచోట పెడుతుంది. నాయనా అంతే. చేనంతా వెలిగించేవాడు కాదు. ఆ పాత బ్యాటరీకి పళ్ళెమంత తల ఉండేది. అందులోంచి కర్రలాగా వెలుతురు పోయి, అల్లంత దూరాన గట్టు మీది పంది కళ్ళనే పట్టుకునేది.

అట్లా సూటిగా కొట్టే సన్న బ్యాటరీ తన అరలోనూ ఒకటుంది. వాకిట్లో వెలిగిస్తే రూపాయి బిళ్ళంత చుక్క తప్ప ఇంకేమీ కనపడదని దాన్ని అడుగున పడేసింది.

మళ్ళీ మోపెడ్ చప్పుడైంది. ఈసారి వెనక సుబ్బరత్నమ్మ కూడా ఎక్కి వచ్చింది. "ఇంగ ఎన్ని దీపాలు మోస్తాదో సూద్దామని వచ్చినా" అంది దిగుతూ.

నాగలత ఎవరి మాటా పట్టించుకోలేదు. కొంగు బిగించి, కొక్కెంతో పైకొచ్చిన బురదలో బోర్లా పడుకుంది. బ్యాటరీని మూతికి ఒక అంచున ఆనించి, కన్ను రెండో అంచున పెట్టి మీట నొక్కింది. వెలుతురు గడకర్రలాగా సూటిగా దిగింది. తడి రాయి, ఇంకా తడి రాయి. దాని కింద నల్లగా ఒక గుండ్రం.

"కనపడ్న్యాది!" అని అరిచింది. "పైపు మూతి నడిమద్దెన లేదు లాజరూ! వేపచెట్టు పక్కకు వాలి గోడకు ఆనుకోనుండాది. దాని మెడకు పచ్చతాడు చుట్టుకోనుండాది, తలగుడ్డ మాదిరి."

"తాడా? అది మోటారుతో అడుక్కు పోయింటాది అనుకుంటి గదక్కా!"

"రా, నువ్వే సూడు!"

లాజరు చూశాడు. లేచి నిలబడి నెత్తి కొట్టుకున్నాడు. ఇంతసేపూ అతని కొక్కెం బోరు నడుమన వట్టి గాలిని వెతుకుతోంది. "తాడు తెగింది పైముడి కాడ. మోటారు కాడ గట్టిగానే ఉంటాది. దాన్నే పట్టుకుందాం" అంటూ కొక్కేన్ని సుత్తితో వంచి, తాడు చిక్కేలా మార్చాడు.

నాగలత పడుకున్నచోటి నుంచి కదల్లేదు. "చెట్టు పక్కకు... ఇంగా... ఇంగొంచెం దించు... అబ్బ, దాటిపోతివి, ఎత్తు! ఎత్తు! ఆఁ, దూర్న్యాది. తిప్పు!"

తాడు బిగిసింది. లాజరు లాగాడు. బరువు తెలిసింది. ఓబుళేశు పరుగెత్తుకొచ్చి తాడుకు చెయ్యి వేశాడు. బోరు మీద నిలబెట్టిన ముక్కాలి గిలక కిర్రుమంది. సుబ్బరత్నమ్మ తన ఇష్టదైవాలందరినీ పేరుపేరునా పిలిచింది. లాజరు ఏసయ్యను పిలిచాడు. ముందు పైపు మూతి, ఆ వెనక ఎర్రమట్టి కారుతూ మోటారు బయటికొచ్చింది.

ఓబుళేశు బురద మొహంతో ఉన్న పెండ్లాం వైపు చూశాడు. "మే, ఆ సన్నది ఇంగొకటి దొరుకుతాదా? మోటారు కొట్టంలో పెడదాం" అన్నాడు.

"ఆటగా ఉండాదా అంటివే?"

"అనింటి లే. ఇప్పుడు అడుగుతాండా గదా."

కొత్త కేబుల్ వేసి, మోటారు దించి, మీట వేసేసరికి సాయంత్రమయింది. పైపు రెండుసార్లు దగ్గింది. ఎర్రనీళ్ళు కక్కింది. ఆపైన తెల్లగా, బలంగా, ఉల్లిమడి కాలువలోకి దూకింది. లాజరు ఈల వేశాడు.

సుబ్బరత్నమ్మ సన్న బ్యాటరీని చేతిలోకి తీసుకుని చీరచెంగుతో బురద తుడిచింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి నీళ్ళు తగిల్తే ఏమన్నా అయితాదా?"

"ఏం కాదత్తా. ముంచినా ఎలుగుతాది."

"ఊఁ, నమ్ముతా!" అంటూనే ముసలామె కాలువలో గొంతుకూర్చుంది. మీట నొక్కి, బ్యాటరీని మోచేతి దాకా నీళ్ళలో ముంచింది. మబ్బు చీకట్లో కాలువ అడుగునుంచి వెలుగు పొడుచుకొచ్చింది. పరుగెత్తే నీళ్ళన్నీ వెలుగుతూ మళ్ళలోకి పోయాయి.

"ఓ నాయనో! ఎలుగుతాండాది సూడండప్పా!" అని సుబ్బరత్నమ్మ చేనంతా వినపడేలా కేక పెట్టింది. తీసింది, మళ్ళీ ముంచింది. "నా కోడలి బ్యాటరీ!"