అద్దం ఎత్తేశారు

మా ఇంట్లో కారు మారుతుంది, నా సీటు మారదు. ఈ మాట మా ఆయనతో ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. అన్నప్పుడల్లా ఆయన నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఏ కారు కొనాలన్న చర్చ మా ఇంట్లో ఏనాడూ జరగలేదు. మా మావగారు ఏది కొన్నారో మా ఆయనా అదే కొంటారు. కంపెనీవాడు కొన్నేళ్ళకోసారి దాని మొహం మారుస్తాడు, ఒళ్ళు పెంచుతాడు, పేరు మాత్రం ముట్టుకోడు. అందుకని మేమే ఒక్కోదానికి ఒక్కో ముద్దుపేరు పెట్టుకున్నాం. నేను కాపురానికి వచ్చేసరికి గుమ్మం ముందు ఉన్నది గుండు. మూలలన్నవే లేకుండా నున్నగా ఉండేది. తర్వాత వచ్చింది అగ్గిపెట్టె. దాని తర్వాత కప్ప, లైట్లు గుడ్లు మిటకరించినట్టు ఉండేవి. ఆ తర్వాత ఏనుగు. మా ఇంట్లో ఏది ఎప్పుడు జరిగిందని అడిగితే నేను సంవత్సరం చెప్పను, కారు చెబుతాను. మా అబ్బాయి అగ్గిపెట్టెలో పుట్టాడు. ఆ కారు ఉన్న రోజుల్లో అని కాదు, నిజంగా అందులోనే పుట్టాడు. ఆసుపత్రి దాకా ఆగలేదు వెధవ. నర్సుని కదా, నొప్పులు పడుతూ కూడా పక్కనున్న అత్తగారికి ఏం పట్టుకోవాలో, ఎలా పట్టుకోవాలో నేనే చెప్పాను. ముందు సీట్లోంచి మావగారు "ఎక్కడిదాకా వచ్చాం?" అని దారి గురించి అడుగుతూనే ఉన్నారు.

అదీ ముందు సీటు మహిమ. గుండులో అది మావగారిది. పక్కన మూడుమూలల చిన్న అద్దం ఉండేది, దాన్ని తిప్పుకుంటే గాలంతా ఆయనకే. అగ్గిపెట్టె వచ్చిన కొన్నాళ్ళకి అత్తగారి మోకాళ్ళు అరిగాయి, ఆవిడ ముందుకు మారారు, మావగారు అలిగి ఆటోలెక్కడం మొదలుపెట్టారు. కప్పలో ఏసీ వచ్చింది. వచ్చిందంటే ముందు కూర్చున్నవాళ్ళకి వచ్చింది, వెనకాల నేను అట్టముక్కతో విసురుకునేదాన్ని. అప్పటికి అబ్బాయికి కారులో వాంతులు, వాణ్ణి ముందు కూర్చోబెట్టాల్సి వచ్చింది. వాడు పెద్దయి సొంత బండి కొనుక్కుని పోయాడు. అప్పుడు ఖాళీ అయింది కదా అని సంతోషపడేలోపు మా వదిన, అంటే మా ఆయనకి అక్క, రెండు వీధుల అవతలికి ఇల్లు మారింది. ఆవిడకి వెనక కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. ఏనుగు ఉన్నన్నాళ్ళూ ఆవిడకి కళ్ళు తిరుగుతూనే ఉన్నాయి.

ఎవరూ లేని రోజున పెట్టె ఉండేది. మా ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. పొద్దున్నే వెళ్ళి అద్దాల పెట్టె తెచ్చుకుంటారు. కుదుపుకి బీటలు పడతాయని దాన్ని ముందు సీట్లో పెట్టి బెల్టు కూడా పెడతారు. నేను రాత్రి డ్యూటీ దిగి, కాళ్ళు పీకుతూ ఆసుపత్రి గేటు దగ్గరికి వస్తే, ఆ పెట్టె దర్జాగా ముందు కూర్చుని ఉండేది. నేను నోరు మూసుకుని వెనక తలుపు తీసుకునేదాన్ని.

అలాగని మేం మాట్లాడుకోలేదనుకునేరు. అన్నీ అద్దంలోనే మాట్లాడుకున్నాం. ముందు మధ్యలో వేలాడుతుందే, ఆ అద్దం. గుండులో మొదటిసారి ఎక్కిన రోజునే, బండి నడుపుతున్న మా ఆయన దాన్ని కాస్త నా వైపు తిప్పారు. "ఒరేయ్, అది వెనక బండ్లు చూడ్డానికి" అన్నారు మావగారు. మా ఆయన చెవిన వేసుకోలేదు. అప్పటినుంచీ అందులో కనపడే రెండు కళ్ళతోనే నా కాపురం. సరుకులేం తేవాలో, అబ్బాయిని ఏ బడిలో వేయాలో, అత్తగారి ఆపరేషన్‌కి ఎప్పుడు ఒప్పుకోవాలో, అన్నీ ఆ కళ్ళతోనే మాట్లాడాను.

ఇక పోట్లాట వచ్చిందంటే ఆయన నోరెత్తరు. ఆ అద్దం కింద చిన్న పిడి ఉంటుంది. రాత్రిపూట వెనక బండి లైట్లు కళ్ళలో పడకుండా దాన్ని వేలితో మీటితే అద్దం పైకి లేచి నల్లబడుతుంది. మా ఆయన దాన్ని పట్టపగలు మీటేవారు. టక్ మని చప్పుడు, అంతే, కళ్ళు మాయం. నాకు కారు పైకప్పు గుడ్డ తప్ప ఏమీ కనపడేది కాదు. ఆయనకి నేనూ కనపడేదాన్ని కాదు. మా ఇంట్లో అలగడానికి ఆ మాటే స్థిరపడిపోయింది. అబ్బాయి ఈనాటికీ ఫోన్‌లో "ఏంటమ్మా గొంతు అలా ఉంది, నాన్న అద్దం ఎత్తేశాడా?" అని అడుగుతాడు.

ఈ మధ్య ఏనుగు మొరాయించింది. మా ఆయన మళ్ళీ అదే పేరున్న కొత్తది రాయించారు. ఈ పేరుతో ఇదే ఆఖరిదట, ఇకమీద కంపెనీవాడు చేయడట. ఈసారి కాకపోతే మరి లేదు. మావగారూ అత్తగారూ పోయారు, అబ్బాయి వాడి ఇంట్లో వాడున్నాడు. మా వయసుకి ఇంకో కారు కొంటామా పాడా.

"తెచ్చేటప్పుడు ముందు సీటు నాది" అన్నాను ముందురోజే.

"కూర్చో. ఎవరొద్దన్నారు?" అన్నారాయన.

నిజమే, ఎవరూ వద్దనలేదు. అదే కదా నా బాధ. పోట్లాడదామంటే ఎదురుగా మనిషి లేడు.

మర్నాడు డ్యూటీ దిగి బట్టలు కూడా మార్చుకోకుండా ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చాను. వార్డులో రాత్రంతా కూర్చోలేదు, నడుం నాది కానట్టు ఉంది. షోరూంకి వెళ్ళడానికి మా ఆయన తెచ్చిన ఆటోలో చూస్తే ఆయన పక్కన వదిన.

"నేను లేకుండా కారు తెచ్చేస్తార్రా మీరు?" అంది ఆవిడ నన్ను చూసి. నా తల ప్రాణం తోకకొచ్చింది.

షోరూంలో సేల్స్‌మన్, నెరిసిన మీసాలాయన, కారు చుట్టూ తిప్పి అన్నీ చూపించాడు. గేర్ల కర్ర లేదు, గుండ్రటి మీట ఉంది. తాళంచెవి లేదు, బటన్ ఉంది. చివరికి లోపలి అద్దం దగ్గర ఆగాడు.

"ఇది అద్దం కాదమ్మా, తెర. కారు వెనకాల కెమెరా ఉంటుంది, రోడ్డంతా ఇందులో కనపడుతుంది. వెనక సీట్లో ఎంతమంది కూర్చున్నా అడ్డం రారు. వాళ్ళసలు కనపడరు" అన్నాడు గొప్పగా.

"వాళ్ళు మాకు ఎప్పుడూ కనపడలేదు లెండి" అన్నాను. సేల్స్‌మన్ మర్యాదకి నవ్వాడు. మా ఆయన నవ్వలేదు, తెరనే చూస్తూ నిలబడ్డారు.

నేను బాత్రూంకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేసరికి వదిన ముందు సీట్లో ఉంది. బెల్టు కూడా పెట్టేసుకుంది.

"కొత్త కారు వాసన కదమ్మాయ్, వెనకైతే నాకు కళ్ళు తిరుగుతాయి. నువ్వు కాస్త వెనక సర్దుకో."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన బటన్ల మీద దుమ్ము కూడా లేకపోయినా రుమాలుతో తుడుస్తున్నారు.

"ఇంటిదాకానే కదా" అన్నారు.

వెనక ఎక్కాను. అబ్బో, ఎంత సీటో. కాళ్ళు చాపుకోవచ్చు, ఏసీ మొహానికే కొడుతోంది, గ్లాసు పెట్టుకోవడానికి గుంట కూడా ఉంది. కారు రోడ్డెక్కగానే నేను పైకి చూశాను. అలవాటు. తెరలో మా వెనక వస్తున్న లారీ, దాని డ్రైవరు ఆవులిస్తున్నాడు. మా ఆయన కళ్ళు లేవు. ఎక్కడ వెతికినా లేవు. ఎదురుగా ఆయన మెడ, మెడ మీది పుట్టుమచ్చ, అంతే.

"ఏమండీ" అన్నాను.

ఆయన తల ఎత్తి తెరలోకి చూశారు. లారీ కనపడి ఉంటుంది. "ఊ" అన్నారు లారీతో.

అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వినపడుతోందా? లేక అదీ ఆపేశాడా కంపెనీవాడు? కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ మీ మెడ చూస్తూ బతికాను. గాజుముక్కలకి బెల్టు పెట్టి ముందు కూర్చోబెట్టారు, నేను పనికిరాలేదు. ఎన్ని రాత్రులు నిలబడి వచ్చి ఈ వెనక పడ్డానో మీకు తెలుసా? నేనేమన్నా బంగారం అడిగానా? మీ పక్కన కూర్చుంటానన్నాను. ఒక్కసారి. అది కూడా ఇంటిదాకానే!"

"ఏంటమ్మాయ్, శుభమా అని కారు తెచ్చుకుంటూ..." అని వదిన అందుకుంది.

"మీరు ఆగండి వదినా. నేను మా ఆయనతో మాట్లాడుతున్నాను."

ఎర్ర లైటు పడింది. కారు ఆగింది. వెనకనుంచి చూస్తుంటే ఆయన చెవులు ఎర్రబడటం తెలిసింది. ఎడమ చెయ్యి స్టీరింగ్ వదిలి పైకి లేచింది. నాకు తెలుసు అది ఎక్కడికి వెళుతుందో. వెళ్ళింది. పిడి మీటారు. టక్.

తెర ఆరిపోయింది. లారీ పోయింది. దాని చోట మామూలు అద్దం వచ్చింది. ఈ కారులో ఆ పిడి చేసే పని అదట, కెమెరా వద్దనుకుంటే అద్దం చేసుకోవచ్చట. నన్ను చూడకూడదని మీటిన పిడి నన్నే తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన కళ్ళు కనపడ్డాయి నాకు. గుండులో చూసిన కళ్ళే, చుట్టూ ముడతలు వచ్చాయి. అవి నన్ను చూసి అలాగే ఉండిపోయాయి. నా మొహం ఎలా ఉందో నాకు ఆ కళ్ళలోనే తెలిసింది. చెంపలు తడుముకుంటే తడిగా ఉన్నాయి.

పచ్చ లైటు పడింది. వెనక లారీవాడు హారన్ కొట్టాడు, ఆ వెనకవాళ్ళూ మొదలుపెట్టారు. మా ఆయన మెల్లగా కారు పోనిచ్చి, ఒక టైర్ల దుకాణం ముందు పక్కకి ఆపారు.

"అక్కా, వెనక్కి వెళ్ళు."

"ఒరేయ్, నాకు కళ్ళు తిరుగుతాయిరా."

"కళ్ళు మూసుకో."

వదిన ఆయన మొహం చూసి బెల్టు తీసేసింది. దిగింది. నేనూ దిగాను. తలుపు దగ్గర ఇద్దరం ఎదురుపడ్డాం. ఆవిడ నా చేతిలో ఉన్న డ్యూటీ సంచీ అందుకుని వెనక ఎక్కింది.

ముందు సీట్లో కూర్చున్నాను. కూర్చోగానే ఎండ సూటిగా మొహాన కొట్టింది. వదిన కాళ్ళు పొట్టి, సీటు ముందుకు లాక్కుని ఉంది, నా మోకాళ్ళు గుద్దుకున్నాయి. ఇంతకాలం దీనికోసమా అనిపించింది. పక్కకి తిరిగి చూస్తే మా ఆయన మొహం, పక్కనుంచి. ముక్కు ఇంత పొడుగని నాకు తెలీదు.

కారు కదిలింది. మాట్లాడాలంటే ఎటు చూడాలో ఆయనకీ తెలీలేదు, నాకూ తెలీలేదు. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, తల ఎత్తి, అద్దంలోకి చూసి అడిగారు.

"బాగా అలిసిపోయావా?"

"నాకేంరా, బానే ఉన్నాను" అంది వదిన అద్దంలోంచి.

"చాలా" అన్నాను నేను, పక్కనుంచి.