విందు సంచులు తిన్న వేటకుక్క

మా బామ్మర్ది తుర్దాకున్ తెలివి మీద నాకు ముప్పై ఏళ్లుగా ఒకటే అభిప్రాయం. దాన్ని మార్చుకునే అవకాశం వాడు ఏనాడూ ఇవ్వలేదు.

మా కొండ ఊరు కొచ్కోర్‌లో పేరున్న తైగాన్ జాతి వేటకుక్క సాగిన్‌బాయ్ తాతది. పేరు ఉచార్, అంటే ఎగిరేవాడని. మోకాళ్లు అరిగి కొండెక్కలేక, పోయినేడు తాత దాన్ని మావాడికిచ్చాడు. "నడుం ఎముకలు కనపడుతుండాలి. కనపడకపోతే తప్పు నీది, కుక్కది కాదు" అని మరీ చెప్పాడు.

మావాడికేమో ఎముకలు కనపడితే నామోషీ. "ఆఫీసరింటి కుక్క డొక్కలెండి ఉంటే నలుగురూ ఏమనుకుంటారు బావా?" అన్నాడు. వీడు ఆఫీసరెప్పుడయ్యాడో నాకు తెలీదు. నీటిపారుదల ఆఫీసులో గేటు తాళాలు వీడి దగ్గరుంటాయి, అంతే.

మా దగ్గర విందుకెళ్తే వాటాకొచ్చిన మాంసం, బోర్సోక్‌లనే వేపిన పిండి ముక్కలు సంచీలో కట్టుకొస్తాం. కెషిక్ అంటాం. ఆ శుభం ఇంట్లోవాళ్లకీ అందాలని. పారేస్తే పాపం. శరత్కాలమంతా పెళ్లిళ్లే, ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లాం ఇద్దరే. వారానికి నాలుగు సంచులు వస్తే ఎవరు తింటారు? ఉచార్ తిన్నాడు. గొర్రె తోకకొవ్వు, గుర్రం మాంసం, నూనెలో వేగిన బోర్సోక్‌లు. పాపం తగలకుండా మావాడు సంచీ దులిపి మరీ పెట్టాడు.

కొండమేకని తరిమిన కుక్క ఒకరోజు ఇంటి మెట్ల మీంచి జారిపడింది. మూడే మెట్లు. వెనక కాలి మోకాట్లో నరం తెగింది.

పశువుల డాక్టరు గుల్‌సైరా తూకం వేసింది. నలభై రెండు కిలోలు.

"ముప్పై ఉండాల్సింది. ఏం పెడుతున్నావయ్యా?"

"అదంతా బొచ్చు డాక్టరమ్మా. చలికాలం బొచ్చు."

"పన్నెండు కిలోల బొచ్చా? గొర్రెల్లో కట్టెయ్, ఉన్నయినా అమ్ముకోవచ్చు." వాడి చెయ్యి పట్టి కుక్క డొక్కలో పెట్టింది. "ఎముకలు తగులుతున్నాయా?"

"మెత్తగా ఉంది."

"పరుపు కాదు అది, కుక్క!"

ఇంత కొవ్వు మీద మత్తు ఇవ్వడం ప్రమాదమంది. ముందు ఐదు కిలోలు తగ్గాలి, అప్పుడే ఆపరేషన్. లేదంటే ఈ కాలు ఇంతే, దీని బరువు మోసి మోసి రెండోదీ పోతుంది. ఒక గిన్నె చేతికిచ్చింది. "పూటకి ఇదొక్కటే, రెండు పూటలు. పస్తు పెట్టకు. పరిగెత్తించకు. తాడు పట్టుకుని నెమ్మదిగా నడిపించు."

నాలుగు వారాల తర్వాత మళ్లీ తూకం. సాగిన్‌బాయ్ తాత కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. నలభై మూడు!

"గిన్నె దాటి ఒక్క మెతుకు పెట్టలేదు, ఒట్టు" అన్నాడు మావాడు.

"గిన్నె సరే, సంచులో?" అంది వాడి పెళ్లాం శైరకాన్.

"కెషిక్ తిండెలా అవుతుందే? ఆశీర్వాదం! ఆశీర్వాదానికి బరువేంటి?"

డాక్టరమ్మ తూకం మళ్లీ చూసింది. నేను సిగ్గుతో గోడకేసి చూశాను. వీడు మా ఆవిడ తమ్ముడని ఆమెకు తెలియకపోతే బాగుండుననిపించింది.

తాత వంగి, కుక్క మెడలో వెండి బిళ్ల ఉన్న ఎర్ర పట్టీ విప్పి వాడి చేతిలో పెట్టాడు. తన పాత తాడు కట్టాడు.

"తాతా! ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటారా ఎక్కడన్నా?"

"నేనిచ్చింది ఉచార్‌ని. ఇదెవరో నాకు తెలీదు. ఉచార్ దొరికితే చూద్దాం."

ఆ చలికాలమంతా కాలవ గట్టున రెండు కుంటి ప్రాణాలు నడవడం ఊరంతా చూసింది. మొదట వంతెన దాకా. తర్వాత పిండిమర దాకా. పన్నెండు వారాలకి ముప్పై ఏడు. ఆపరేషనయింది. కుట్లు మానాయి. మళ్లీ నడక.

వసంతంలో మావాడు నన్ను వెంటేసుకుని తాత ఇంటికెళ్లాడు. చేతిలో ఏముందనుకున్నారు? అదే, విందు సంచీ! ఇలాంటివాళ్లకి కుక్క కాదు, బొమ్మ కొనివ్వాలి.

వాసనకి ఉచార్ లేచాడు. నాలుగు కాళ్ల మీదా నిలబడ్డాడు. నడుం ఎముకలు తేలి ఉన్నాయి.

"తీసుకెళ్దామని వచ్చా తాతా."

"సంతోషం. ముందా సంచీ ఖాళీ చెయ్. నువ్వే తిను. ఇక్కడే, దాని ఎదురుగా."

మావాడు నవ్వాడు. తాత నవ్వలేదు. మొదటి ముక్క హుషారుగానే పోయింది. మూడో తోకకొవ్వు ముక్కకి నుదుట చెమట పట్టింది.

"ఇంక పట్టదు తాతా, ఆయాసమొస్తోంది."

"ఆశీర్వాదమే కదరా. బరువుండదుగా."

అంతా తిన్నాడు. లేవలేక నాకేసి చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

"ఉచార్... దొరికినట్టేనా తాతా?" అన్నాడు రొప్పుతూ.

"నాకు దొరికాడు" అని తాత కుక్కని లోపలికి పిలిచి తలుపు వేయబోయాడు. "నువ్వింటికి నెమ్మదిగా నడిచి వెళ్లు. పరిగెత్తకు."