బుగ్గ మీద వేలు

బస్సు డ్రైవరు కుడి బుగ్గ అయిపోయింది. సెలూను నిదానం కత్తిని కాగితానికి తుడిచి, రెండు వేళ్ళతో అతని తలను పక్కకు తిప్పాడు. తల తిరిగింది. నలభై రెండేళ్ళుగా తలలు అలాగే తిరుగుతున్నాయి. ఆ రెండు వేళ్ళకు ఎదురుచెప్పిన తల ఇంతవరకు లేదు.

అతని అసలు పేరు ఒకప్పుడు సెలూను బోర్డు మీద ఉండేది, వానలకు చెరిగిపోయింది. వీధి పెట్టిన పేరే మిగిలింది. నిదానం దగ్గర గడ్డం గీయించుకుని లేచేసరికి మొదట గీసినవైపు మళ్ళీ మొలుస్తుందని వీధిలో ఒక హాస్యం. అది విని అతనూ నవ్వుతాడు. సన్నటి మనిషి. ఎప్పుడూ ముందుకు వంగి ఉండటంతో మెడ వెనక ఒక ఎముక పైకి తేలింది. కుడి చూపుడువేలి పక్కన కత్తి పట్టీ పట్టీ చర్మం కాయ కాచింది. భార్య పోయి ఏడేళ్ళు. రెండు వీధుల అవతల ఉన్న కూతురు మధ్యాహ్నం క్యారియరు పంపుతుంది, తినకుండా తిప్పి పంపితే సాయంత్రం వచ్చి తిడుతుంది.

"ఓ సంగతి చెప్పనా బాబాయ్?" అన్నాడు డ్రైవరు, నురగ నోట్లోకి పోకుండా పెదవి కొసతో. "పొద్దున డిపోలో బండెక్కుతానా, మళ్ళీ తెలివొచ్చేసరికి చివరి స్టాపులో ఉంటా. మధ్యలో గేర్లు మార్చింది, జనాన్ని ఎక్కించింది ఒక్కటీ గుర్తుండదు. మరి బండి ఎవరు తోలినట్టు?"

"నీ బండి నంబరు చెప్పు. ఇంకెప్పుడూ ఎక్కను," అన్నాడు నిదానం.

డ్రైవరు నవ్వు ఆపుకున్నాడు. కత్తి ముక్కు కిందికి వచ్చేలోపే పై పెదవిని పళ్ళ మీదికి దించి బిగించాడు. అందరూ అంతే. బుగ్గ దగ్గరికి కత్తి వస్తోందంటే లోపలినుంచి నాలుకతో బుగ్గను పొంగిస్తారు. ఎవరూ నేర్పరు. కుర్చీలో కునుకు పట్టినవాళ్ళు మాత్రం ఆ పని చెయ్యరు. వాళ్ళ మొహం వదులైపోతుంది, చర్మాన్ని నిదానమే బొటనవేలితో లాగి పట్టుకోవాలి. కళ్ళు మూసుకున్నవాడు నిద్రపోయాడో ఊరికే మూసుకున్నాడో ఆ బొటనవేలికి తెలిసిపోతుంది. అదొక విద్య అని పోయిన వారం దాకా అతను అనుకోలేదు.

వారానికి రెండు రోజులు పదకొండింటికి సంచి సర్దుకుని ఆసుపత్రికి వెళ్ళి, మంచం దిగలేని రోగులకు గడ్డాలు గీస్తాడు. మూడో అంతస్తు చివరి గదిలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఐదు నెలల కింద రోడ్డు మీద పడి తలకు దెబ్బ తగిలింది. గొంతుకు ఒక గొట్టం, ముక్కుకు ఒక గొట్టం. కళ్ళు తెరుచుకునే ఉంటాయి గానీ దేన్నీ చూడవు. పిలిస్తే పలకడు, గిల్లినా చెయ్యి వెనక్కి తీసుకోడు. లోపల ఎవరూ లేనట్టే అనుకోమన్నాడు పెద్ద డాక్టరు. ఆ మాట విన్న రోజు నుంచి పెద్దాయన భార్య ఆయనతో మాట్లాడటం మానేసింది.

పోయిన వారం ఆయన తలను పక్కకు తిప్పి కత్తి ఎత్తేసరికి, ఎడమ బుగ్గ లోపలినుంచి మెల్లగా పొంగింది. నిదానం కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత చిన్న డాక్టరమ్మను బతిమాలి పిలుచుకొచ్చి చూపించాడు. ఆవిడ చేతులు కట్టుకుని చాలాసేపు చూసింది.

"అలవాటుకొద్దీ ఒళ్ళు చేసే పని కావచ్చు బాబాయ్. కాకపోనూవచ్చు. లోపల ఎవరైనా ఉన్నారా అంటే తేల్చి చెప్పే మిషను మా దగ్గర లేదు."

ఈ రోజు గదిలోకి అడుగుపెట్టేసరికి భార్య కిటికీ దగ్గర నిలబడి ఉంది. జ్వరం ఊపిరితిత్తులకు దిగిందట. రెండ్రోజులు కూడా కష్టమన్నారట. నిదానం నురగ కలిపాడు. ఆమె అతనితో కాదు, కిటికీతో అంటున్నట్టు అంది:

"ఆ రోజు పొద్దున మాటా మాటా పెరిగింది. తలుపు గడియ ఎవరు వెయ్యలేదు అని, అంతే. గుమ్మంలో చెప్పులేసుకుంటూ 'వెళ్ళొస్తా' అన్నారు. పలకలేదు నేను. వినపడలేదనుకుని ఇంకోసారి అన్నారు. అప్పుడూ పలకలేదు." కిటికీ ఊచ పట్టుకుంది. "ఇప్పుడు పలకాలని ఉంది. వినేవాడు లేకుండా ఎలా పలకను? గోడకు చెప్పుకున్నట్టుంటుంది."

నిదానం పెద్దాయన బుగ్గలకు నురగ రాశాడు. లేని ఆశ పెట్టడం కంటే పాపం లేదు. నోరు మూసుకుని పని చేసుకుపోతే ఎవరూ అడగరు. కుడి బుగ్గ పూర్తిచేశాడు. కత్తి తుడిచాడు.

"నేను డాక్టర్ని కాదమ్మా. నాకు తెలిసింది గడ్డమే. ఒకసారి ఇలా రండి."

ఆమె వేలిని తీసుకెళ్ళి పెద్దాయన ఎడమ బుగ్గ మీద, ఎముక కింద పెట్టాడు. రెండు వేళ్ళతో తలను మెల్లగా పక్కకు తిప్పి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కత్తి దగ్గరికి పోనివ్వలేదు. తల తిరిగాక ఏమొస్తుందో గడ్డం గీయించుకున్నవాడికే తెలుసు. గొంతులోని గొట్టం గురగురలాడుతోంది.

లోపలినుంచి నాలుక వచ్చి ఆమె వేలికి ఆనింది.

కత్తి రాలేదు. నాలుక వెనక్కి పోలేదు. అక్కడే ఆనుకుని ఎదురుచూస్తోంది. ఎదురుచూడాలంటే ఎవరో ఒకరు ఉండాలి కదా అనుకున్నాడు నిదానం. అరచేతిలో పట్టే ఇంత తలకాయలో, ఐదు నెలలుగా, పిలుపు అందని చోట ఒక మనిషి కూర్చుని, కుడివైపు అయింది ఇక ఎడమవైపు వస్తాడు అనుకుంటున్నాడు. ఆయనకు తను తెలుసు. తన వరస తెలుసు.

ఆమె వేలు తియ్యలేదు. "ఉన్నారు," అంది.

"నేను బయటుంటానమ్మా."

ఎడమవైపు నురగ తుడిచేసి, సంచి తీసుకుని తలుపు దగ్గరికి వేశాడు. వరండా బల్ల మీద కూర్చుంటే ముందు ఆమె గొంతు గట్టిగానే వినబడింది. "గడియ వెయ్యనిది మీరే. ఇప్పటికీ అదే చెప్తా." తర్వాత గొంతు తగ్గింది. అది తను వినవలసింది కాదని లేచి మెట్లు దిగాడు.

రోడ్డు దాటడానికి జనం గుంపుగా ఆగి ఉన్నారు. అతనికి తలలే కనబడ్డాయి. బట్టతలలు, నూనె తలలు, రంగేసిన తలలు. ఒక్కోదాంట్లో ఒక్కొక్కరు. ఎవరి వెలుతురు వాళ్ళది, ఎవరి చీకటి వాళ్ళది. ఇన్నేళ్ళూ వీటిని కుమ్మరి కుండల్ని తిప్పినట్టు తిప్పాడు. ఎన్ని లోకాలు తన రెండు వేళ్ళ కింద తిరిగాయో తలుచుకుంటూ ఆ వేళ్ళకేసి చూసుకున్నాడు. దారి వదిలాక కూడా కదల్లేదు. వెనకనుంచి ఎవరో "పెద్దాయనా, నడు" అన్నారు.

మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్న బ్యాంకు గుమాస్తా తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

"ఏమైంది నిదానం?"

"ఏం లేదు. మీరున్నారా అని."

"ఎక్కడికి పోతాను, సగం జుట్టు నీ చేతిలో పెట్టుకుని?" అన్నాడు గుమాస్తా. నిదానం నవ్వి మళ్ళీ కత్తెర అందుకున్నాడు. ఆ రోజు క్యారియరు మూత తియ్యలేదు.

సాయంత్రం నాలుగున్నరకు ఆసుపత్రి ఆయా వచ్చి గుమ్మంలో నిలబడింది. పెద్దాయన నాలుగింటికి పోయాడట. అమ్మగారు రమ్మంటున్నారట.

గొట్టాలు తీసేశారు. ఆమె మంచం పక్కన కూర్చుని ఉంది, ఏడవటం లేదు. "పొద్దున సగంలో ఆపేశావుగా," అంది. "అలా పంపలేను." మళ్ళీ తనే అంది: "బుగ్గ మీద వేలు పెట్టే చెప్పాను. వెళ్ళిరండి అన్నాను. విన్నారు."

ఎలా తెలుసని అతను అడగలేదు. సంచి విప్పుతూ ఆయాను వేడినీళ్ళు తెమ్మన్నాడు.

"ఇప్పుడు వేడివెందుకు? చన్నీళ్ళు సరిపోవూ?"

"ఎవరికి తెలుసు. వేడివే తే."

నురగ రాశాడు. రెండు వేళ్ళతో తలను తిప్పాడు. కత్తి ఎత్తి, ఆగాడు. చాలాసేపు ఆగాడు. బుగ్గ పొంగలేదు. అప్పుడు బొటనవేలితో చర్మాన్ని తనే లాగి పట్టుకుని, ఎన్నడూ లేనంత నెమ్మదిగా గీయటం మొదలుపెట్టాడు. పై పెదవిని కూడా తనే దించాడు. కళ్ళు మసకబారితే భుజానికి తుడుచుకున్నాడు.

ఇంటివాళ్ళు పెద్దాయనను తీసుకెళ్ళాక, నిదానం వెళ్ళిపోయాక, ఆయా గది ఊడవడానికి వచ్చింది. కిటికీ గట్టు మీద నీళ్ళ గిన్నె ఉండిపోయింది. పారబోయబోతూ అందులో వేలు ముంచి చూసి, అది ఇంకా వెచ్చగా ఉండటంతో, ఖాళీ మంచం వైపు ఒకసారి చూసి, గిన్నెను మళ్ళీ అక్కడే పెట్టింది.