వెనక మెట్ల తాళంచెవి

తనిఖీకి వెళ్ళిన చోట నేను మొదట చేసే పని కళ్ళు మూసుకోవడం. ఎడమ చెయ్యి గోడకు ఆనించి, నడుం వంచి, గది లోపలి నుంచి బయటికి దారి వెతుక్కుంటూ నడుస్తాను. పొగ కమ్మినప్పుడు కళ్ళున్నా లాభం లేదు, మనిషికి తోడుండేది గోడ ఒక్కటే. మా అగ్నిమాపక శాఖలోనే నన్ను చూసి నవ్వుకునేవాళ్ళున్నారు. నవ్వుకోనీ. వాళ్ళు ఎర్ర సిలిండర్ల మీద తేదీ చూసి, టీ తాగి, సంతకం పెట్టి వచ్చేస్తారు. ప్రభుత్వ భవనమంటే మరీ లోకువ. మనదే కదా అంటారు. మనదైతే కాలదా?

బదిలీ మీద వచ్చాక నాకు అప్పగించిన మొదటి భవనమే మా బావది. అంటే ఆయన సొంతమని కాదు, పాత రికార్డులు దాచే ఆ సర్కారు భవనానికి ఆయన సూపరింటెండెంటు. వేరేవాళ్ళని పంపమంటే మా ఆఫీసరు వినలేదు. బావ ఈ ఏడాదే రిటైరవుతున్నాడు. ఉద్యోగం మొత్తంలో ఒక్క నోటీసు కూడా అందుకోలేదని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. అదే భవనం పై అంతస్తులో, కాగితాల గుట్టల మధ్య మా అక్క పనిచేస్తుంది. బావ పరువు పోకూడదు, అక్కకేమీ కాకూడదు. రెండూ కోరుకుంటూనే ఆ మధ్యాహ్నం గేటు దాటాను.

"రా మరదలా, ఏం చూసుకుంటావో చూసుకో," అన్నాడు బావ. సిలిండర్లన్నీ తుడిచి తళతళలాడిస్తూ వరసగా నిలబెట్టించాడు. చూడగానే ఒళ్ళు మండింది. తుడిచిన సిలిండరును చూసి మంట భయపడుతుందా?

భోజనాల వేళ కావడంతో పై అంతస్తులో అక్క తప్ప ఎవరూ లేరు. రికార్డుల గదిలో కళ్ళు మూసుకున్నాను. వెంటనే భవనం నెమ్మదించింది. ఫ్యాను ఎక్కడో చాలా పైన, ఆకాశంలో తిరుగుతున్నట్టుంది. పాత కాగితం వాసన మెత్తగా ముక్కుకు తగిలింది. గోడ కాసేపు చల్లగా, కిటికీ దగ్గర గోరువెచ్చగా, మళ్ళీ చల్లగా నా వేళ్ళ కింద జరిగిపోతూ ఉంది. నేను నడుస్తున్నానో గోడే నడుస్తోందో తెలియలేదు. పనిలో ఉన్నానన్న మాటే మరిచి హాయిగా అనిపించింది. అలా వసారా చివరిదాకా వెళ్ళి ఒక తలుపును ఢీకొన్నాను. నెడితే కదల్లేదు.

"అది వెనక మెట్లది," అన్నాడు బావ నుదురు తడుముకుంటున్న నన్ను చూసి. "అటువైపు తాళం వేయించా. సాయంత్రం కాకముందే ఒక్కొక్కళ్ళూ ఆ దారిన జారుకుంటుంటే ఏం చెయ్యమంటావు?"

"మంటలొస్తే?"

"తాళంచెవి నా దగ్గరే ఉంది. నేనున్నాగా."

ఆయన ఊతపదమే అది. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎక్కడ కరెంటు పోయినా నేనున్నాగా అంటాడు. నిజానికి ఉంటాడు కూడా. అందుకే ఆ మాటతో పోట్లాడటం కష్టం.

"అయితే చూపించండి బావా," అన్నాను. అక్క వైపు తిరిగి, "ముందు మెట్ల నిండా పొగ అనుకో. గంట వినగానే కళ్ళు మూసుకుని, గోడ పట్టుకుని ఈ తలుపు దగ్గరికి రా. మేం అటునుంచి తీస్తాం," అని చెప్పాను. అక్క చిన్నప్పటి ఆటకు పిలిచినట్టు మురిసిపోయింది.

మేం కిందికి దిగి, పెరట్లోంచి వెనక మెట్లెక్కాం. అక్కడ మనుషులు తిరిగి చాలా కాలమైంది. ఎండ పైనుంచి పలచగా దిగుతోంది, అందులో దుమ్ము తీరిగ్గా తేలుతోంది. ప్యూనుకు చెప్పి ఉంచినట్టే కింద గంట మోగింది. బావ జేబులోంచి తాళాల గుత్తి తీసి ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఏదీ పట్టలేదు. జేబులు తడుముకున్నాడు. ఆయన మొహం వాడిపోయింది.

తలుపు అవతల అరచేతి చప్పుడు.

"ఏమండీ, వచ్చేశాను. తీయండి."

"ఉండు," అన్నాడు బావ. "ఆ తాళంచెవి... ప్యూను అందరికీ ఇచ్చేస్తున్నాడని ఇంటికి పట్టుకెళ్ళానా?"

అవతల్నుంచి అక్క అంది, "ఎర్ర దారం కట్టినదేనా? దుప్పట్ల కింద నేనే దాచాను. భద్రంగా పెట్టమన్నారని దుప్పట్లు మార్చినప్పుడల్లా తీసి తుడిచి పెడుతున్నా. మన ఇంటిదే అనుకున్నానండీ."

బావ గుత్తిని తిరిగి జేబులో వేసుకున్నాడు.

"సరే, ముందు మెట్ల మీదుగా వచ్చెయ్," అన్నాడు చివరికి.

"ఎలా వస్తానండీ? అటంతా పొగ కదా."

ఆమె వెక్కిరించలేదు. చెప్పిన ఆట చెప్పినట్టు ఆడుతోంది, అంతే. బావ మెట్లు దిగి స్కూటరు మీద ఇంటికి వెళ్ళాడు. నేను పై మెట్టు మీద, తలుపుకు చేరగిలబడి కూర్చున్నాను. అవతల అక్క కూడా కూర్చున్నట్టుంది, గాజుల చప్పుడైంది.

"కళ్ళు తెరిచావా?"

"లేదే. బాగుంది ఇలా. భవనమంతా నిద్రపోతున్నట్టుంది." మళ్ళీ తనే అడిగింది, "ఈ తలుపుకి తాళముందని మాకందరికీ తెలుసు. నిజంగా ఏదైనా అయితే ఆయనే వచ్చి తీస్తారులే అనుకునేవాళ్ళం. ఇంటికి వెళ్ళి వచ్చేసరికి మేం ఉంటామంటావా?"

నాకు ఏడుపొచ్చింది. ఉండరన్న మాట ఎంతమందికో గట్టిగా, కోపంగా చెప్పినదాన్ని, అక్కకు చెప్పలేకపోయాను. తలుపు కింది సందులోంచి ఆమె వేళ్ళు ఇటువైపుకు వచ్చాయి. పట్టుకున్నాను. దుమ్ము ఎండలో తేలుతూనే ఉంది. మా ఇద్దరికీ మధ్య తలుపు ఒక్కటే, అయినా అక్క ఎంతో దూరంగా, ఏదో నీళ్ళ అడుగున ఉన్నట్టనిపించింది.

బావ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. తాళంచెవి రెండుసార్లు తప్పింది. తలుపు తెరుచుకుంది. అక్క కళ్ళు మూసుకునే ఉంది. చాచిన చెయ్యి బావ చొక్కాకు తగిలింది.

"ఎవరూ?"

"నేనే," అన్నాడు. ఎప్పుడూ అనే మాట అనలేదు. తాళం తీసి నా చేతిలో పెట్టాడు. "నోటీసు రాయమ్మా. ఏదీ వదలకుండా రాయి."

"మీ రిటైర్మెంటు..."

"రాయమన్నానా."

అక్క ఇంకా కళ్ళు తెరవలేదు. "మెట్లున్నాయి కదా, దిగాలి కదా," అంటూ ఆయన చెయ్యి కోసం తడుముకుంది. అందివ్వబోయి బావ ఆగిపోయాడు. ఆమె అరచేతిని నెమ్మదిగా తీసుకెళ్ళి పక్కన గోడకు ఆనించాడు.

"నన్ను కాదు, దీన్ని పట్టుకో," అన్నాడు. "నేను లేనప్పుడు కూడా ఇది ఉంటుంది."